దగ్గితే మూత్రం జారిపోతోందా? ఆయాసం, పాత దగ్గు ఉన్నవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలు, నెల్లూరు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆయాసంతో ఆసుపత్రికి వచ్చే ఆడవాళ్ళు దగ్గు గురించి వివరంగా చెప్తారు. ఎప్పుడు మొదలైంది, గల్ల ఏ రంగులో పడుతోంది, ఏ మందు వాడితే ఎన్నాళ్ళు తగ్గింది, అన్నీ చెప్తారు. దగ్గినప్పుడల్లా బట్ట తడుస్తోందన్న మాట మాత్రం లేచి వెళ్ళేటప్పుడు, పక్కన కొడుకు లేడని చూసుకుని, గొంతు తగ్గించి చెప్తారు. అదీ చెప్పేవాళ్ళు చెప్తారు. అదే మనిషి ఇంకోరోజు లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్తే అక్కడ మూత్రం సంగతి చెప్పి దగ్గు సంగతి వదిలేస్తారు. ఇద్దరు డాక్టర్లకీ సగం సగమే తెలుస్తుంది, వైద్యమూ సగమే జరుగుతుంది. ఈ రెండు సగాలనీ ఒకచోట పెట్టి చూడడానికే ఈ ప్రశ్నలు, జవాబులు.

దగ్గేది గొంతులో, జారేది కింద. రెండింటికీ సంబంధం ఏంటి?

దగ్గినప్పుడు పొట్ట లోపల ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ ఒత్తిడి మూత్రసంచి మీద పడుతుంది. మామూలుగా అయితే దగ్గు రాబోయే క్షణంలో కటి అడుగున ఉండే కండరాలు మన ప్రమేయం లేకుండానే బిగుసుకుని మూత్రం దారిని మూసేస్తాయి. మూత్రసంచి, గర్భసంచి, పెద్దపేగు చివర, అన్నింటినీ కింద నుంచి మోసేది ఆ కండరాలే. కాన్పులు, నెలసరి ఆగిపోవడం, బరువు పెరగడం, ఏళ్ళ తరబడి బిందెలు, మూటలు మోయడం వల్ల అవి నులక మంచం వదులైనట్టు కిందికి దిగుతాయి. అప్పుడు దగ్గు వేగానికి అవి అందుకోలేవు. ఒక చుక్కో, ఒక గుక్కెడో జారిపోతుంది.

ఆయాసం జబ్బులో ఇంకో చిక్కు ఉంది. ఊపిరితిత్తుల్లో గాలి పూర్తిగా బయటికి పోక నిలిచిపోతే, ఊపిరికి కదిలే డయాఫ్రం అనే పెద్ద కండరం కిందికి దిగి బల్లపరుపుగా ఉండిపోతుంది. డయాఫ్రం, అడుగు కండరాలు మామూలుగా ఊపిరితో పాటు కలిసి కిందికీ పైకీ కదలాలి. పైది సరిగ్గా కదలకపోతే కిందిది కూడా లయ తప్పుతుంది. పైగా రోజంతా దగ్గు. ఎంత గట్టి కండరమైనా అలిసిపోతుంది.

ముగ్గురు పిల్లల్ని కన్నాక, యాభై దాటాక ఇది మామూలే అంటారు. నిజమేనా?

చాలామందికి ఉంటుంది, అంతవరకు నిజం. చాలామందికి ఉన్నంత మాత్రాన పడి ఉండాల్సిన పని లేదు. మందు లేకుండా, కోత లేకుండా బాగా తగ్గే సమస్యల్లో ఇదొకటి. "అమ్మకీ ఉండేది, అత్తకీ ఉండేది" అని సరిపెట్టుకోవడం వల్లే మన ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేస్తున్నారు, బస్సెక్కడం మానేస్తున్నారు, నవ్వడానికి కూడా భయపడుతున్నారు.

ముందు దగ్గుకి చూపించాలా, మూత్రానికి చూపించాలా?

రెండూ ఒకేసారి మొదలుపెట్టాలి. కానీ దగ్గు తగ్గకుండా కింద ఎన్ని చేసినా ఫలితం నిలవదు, కాబట్టి దగ్గు అసలు ఎందుకొస్తోందో తేల్చుకోండి. మన ప్రాంతంలో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే, ముందు టీబీ పరీక్ష. గల్ల పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. వైద్యంలో ఉన్నంతకాలం నెలకి 1000 రూపాయలు పోషకాహారం కోసం బ్యాంకు ఖాతాలో వేస్తారు. ఆశా కార్యకర్తని అడిగితే దారి చెప్తారు. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గిపోయినవాళ్ళకి కూడా ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలి దగ్గు, ఆయాసం ఉండిపోవచ్చు.

తర్వాత మీరు చేసిన పని. మార్కాపురం పలకల కోత, చీమకుర్తి గ్రానైట్ క్వారీలు, గూడూరు వైపు అభ్రకం గనులు: వీటిలో పనిచేసినవాళ్ళు ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. రాతి దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్ని గట్టిపరుస్తుంది, పని మానేసి ఏళ్ళు గడిచాక కూడా బయటపడుతుంది. పొగాకు గ్రేడింగ్‌కి వెళ్ళే ఆడవాళ్ళు తాము సిగరెట్ ముట్టలేదు కాబట్టి పొగాకు సంగతి తమకి వర్తించదనుకుంటారు. ఆకు దుమ్ము ముక్కులోకి, గొంతులోకి పోతూనే ఉంటుంది కదా. పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పొయ్యి మండించేవాళ్ళకి పొగ. ఇంట్లో ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి మీద వండిన ఆడవాళ్ళకి, బీడీ, చుట్ట తాగేవాళ్ళకి వచ్చే ఆయాసమే వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. గ్యాస్ వచ్చాక కూడా స్నానం నీళ్ళకి కట్టెలే వాడుతుంటే, ఆ పని దగ్గు లేనివాళ్ళకి అప్పజెప్పండి.

ఇక పడుకుంటే ఎక్కువయ్యే దగ్గు, పుల్లటి తేన్పులు ఉంటే కడుపులో ఆమ్లం పైకి ఎగదన్నడం కారణం కావచ్చు. చల్లగాలికి, దుమ్ముకి, తెల్లవారుజామున పిల్లికూతలతో వస్తే ఉబ్బసం కావచ్చు.

నాకు బీపీ తప్ప వేరే జబ్బు లేదు. అయినా పొడి దగ్గు నెలల తరబడి ఉంది.

మీ బీపీ మాత్ర పేరు చూడండి. ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ లాగా పేరు చివర "ప్రిల్" అని ఉంటే, కొందరికి ఆ మందే పొడి దగ్గు తెప్పిస్తుంది. మొదలుపెట్టిన నెలల తర్వాత కూడా రావచ్చు. సొంతంగా ఆపేయకండి, బీపీ పెరిగి పక్షవాతం దాకా పోతుంది. డాక్టరుకి చెప్తే వేరే రకం రాస్తారు. మార్చాక సాధారణంగా 1 నుంచి 4 వారాల్లో దగ్గు తగ్గుతుంది, ఒక్కోసారి 3 నెలలు పడుతుంది. దగ్గు సిరప్పులకి డబ్బు తగలేస్తూ, ప్యాడ్లకి డబ్బు తగలేస్తూ, అసలు కారణం మాత్రల డబ్బాలో ఉండడం నిజంగా బాధాకరం. ఈ ఒక్క ప్రశ్న మీ వల్ల ఇంకో నలుగురికి తెలిసినా మంచిదే.

ఇన్‌హేలర్ ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతుందంటారు. సూది వేయించుకుంటే పోదా?

అలవాటు కాదు. ఉబ్బసం, ఆయాసం చాలాకాలం ఉండే జబ్బులు కాబట్టి మందూ చాలాకాలం వాడాలి. బీపీ మాత్ర రోజూ వేసుకుంటే వ్యసనం అనం కదా.

ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర వేసే సూదిలో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. సాయంత్రానికి హాయిగా అనిపిస్తుంది, అందుకే జనం మళ్ళీ వెళ్తారు. కానీ మాటిమాటికీ వేయించుకుంటే షుగర్ పెరుగుతుంది, షుగర్ పెరిగితే మూత్రం పెరుగుతుంది. ఎముకలూ కండరాలూ బలహీనపడతాయి, అందులో కింది కండరాలు కూడా ఉంటాయి. ఇన్‌హేలర్‌లో మందు చాలా తక్కువ మోతాదులో నేరుగా ఊపిరితిత్తులకి వెళ్తుంది.

వాడే పద్ధతి మాత్రం సరిగ్గా ఉండాలి. నొక్కే రకం పంపు అయితే స్పేసర్ గొట్టం పెట్టుకుని, ముందు ఊపిరి వదిలి, నెమ్మదిగా లోతుగా పీల్చి, 10 సెకన్లు బిగపట్టాలి. క్యాప్సూల్ వేసే రకం అయితే నెమ్మదిగా కాదు, గట్టిగా, వేగంగా పీల్చాలి. పీల్చాక క్యాప్సూల్ తీసి చూడండి. పొడి మిగిలి ఉంటే ఇంకోసారి పీల్చాలి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. తర్వాతిసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు మందు పేరు చెప్పి ఊరుకోకుండా పరికరాన్నే తీసుకెళ్ళి, వాళ్ళ ముందు ఒకసారి పీల్చి చూపించండి.

కింది కండరాలకి వ్యాయామం ఉందంటారు. ఎలా చేయాలి?

ముందు కండరం ఏదో కనిపెట్టాలి. నలుగురిలో కూర్చున్నప్పుడు గాలి బయటికి పోకుండా బిగపడతాం కదా, ఆ బిగింపు వెనక భాగం. ఒంటికి పోయేటప్పుడు మధ్యలో ఆపుకునే బిగింపు ముందు భాగం. రెండూ కలిపి బిగించి లోపలికి, పైకి లాగాలి.

మొదట్లో వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి చేయండి. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి. పొట్ట గట్టిపడకూడదు, పిరుదులు బిగుసుకోకూడదు, తొడలు దగ్గరికి రాకూడదు. బయటి నుంచి చూసేవాళ్ళకి మీరు ఏమీ చేస్తున్నట్టు కనిపించకూడదు. ఊపిరి బిగపట్టకండి. ఆయాసం ఉన్నవాళ్ళు ఊపిరి వదులుతూ బిగించడం తేలిక.

ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది: లాగమంటే ముక్కుతారు. విరేచనానికి ముక్కినట్టు కిందికి తోస్తారు. అది పూర్తిగా తిరగబడ్డ వ్యాయామం, ఉన్న సమస్యని పెంచుతుంది. అనుమానం ఉంటే ఒంటరిగా ఉన్నప్పుడు చిన్న అద్దం పెట్టుకుని చూడండి. సరిగ్గా చేస్తే మూత్రద్వారానికీ మలద్వారానికీ మధ్య భాగం లోపలికి వెళ్తుంది. బయటికి ఉబికితే తప్పు చేస్తున్నట్టే.

బిగించి 3 సెకన్లు ఉంచండి, అంతసేపూ పూర్తిగా వదిలేయండి. వదలడం కూడా వ్యాయామంలో భాగమే. కొన్ని వారాల్లో నెమ్మదిగా 10 సెకన్ల దాకా పెంచుకోవచ్చు. ఒక్కో విడతకి 8 సార్లు, రోజుకి 3 విడతలు. విడత చివర టక్కున బిగించి టక్కున వదిలేవి కొన్ని చేయండి, దగ్గుకి పనికొచ్చేవి అవే. పడుకుని బాగా వచ్చాక కూర్చుని, ఆ తర్వాత నిలబడి. పొద్దున పాలు కాగేలోగా ఒక విడత, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చినప్పుడు ఒకటి, రాత్రి పడుకునే ముందు ఒకటి అని పెట్టుకుంటే మర్చిపోరు.

కనీసం 3 నెలలు చేయాలి. రెండు వారాలు చేసి లాభం లేదని మానేసేవాళ్ళే ఎక్కువ. ఇంకోమాట: ఒంటికి కూర్చున్నప్పుడు ధారని ఆపి ఆపి వ్యాయామంలా చేయకండి. కండరం దొరికిందా లేదా చూడడానికి ఒకసారి పర్లేదు, అలవాటుగా చేస్తే మూత్రసంచి పూర్తిగా ఖాళీ కాదు.

సరే, ఇప్పుడే దగ్గు వస్తోంది. ఈ క్షణంలో ఏం చేయాలి?

గొంతులో గరగర మొదలవగానే, దగ్గకముందే, ఆ కండరాన్ని గట్టిగా బిగించి, బిగింపు వదలకుండా దగ్గండి. తుమ్ముకీ, బిందె ఎత్తేటప్పుడూ, కుర్చీలోంచి లేచేటప్పుడూ ఇదే. మొదట్లో దగ్గు ముందు వచ్చేస్తుంది, బిగింపు తర్వాత వస్తుంది. పట్టుబడితే కుదురుతుంది. ఈ ఒక్క కిటుకుతో కొన్ని వారాల్లోనే తేడా తెలిసేవాళ్ళు ఉన్నారు.

భంగిమ కూడా ముఖ్యమే. నడుం కూలబడి, వంగిపోయి దగ్గితే ఒత్తిడంతా కిందికే పోతుంది. కూర్చుని, పాదాలు నేలకి ఆనించి, వెన్ను నిటారుగా పెట్టి దగ్గండి. నిలబడి ఉంటే ఒక కాలు మీద ఇంకో కాలు మెలిక వేసుకోవచ్చు.

గల్ల బయటికి రావాలంటే పొట్ట చించుకుని దగ్గక్కర్లేదు. ఒక మోస్తరుగా ఊపిరి పీల్చి, నోరు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించేలా "హా" అని బలంగా వదలండి. అలా రెండు మూడుసార్లు చేస్తే గల్ల పైకి వస్తుంది, అప్పుడు ఒక చిన్న దగ్గు చాలు. పొడి దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే నోరు మూసుకుని, ముక్కుతో నెమ్మదిగా చిన్న చిన్న ఊపిర్లు తీసుకుంటూ గుటక వేయండి, గోరువెచ్చని నీళ్ళు ఒక గుక్క తాగండి.

తడుస్తుందని నీళ్ళు తాగడం తగ్గించాను. మంచిదేనా?

కాదు. మూత్రం చిక్కబడితే మూత్రసంచిని ఇంకా చురచుర మండిస్తుంది, ఇన్‌ఫెక్షన్ వస్తుంది. మలబద్ధకం వస్తుంది, ముక్కితే కింది కండరాలు ఇంకా దిగుతాయి. గల్ల కూడా చిక్కబడి దగ్గు పెరుగుతుంది. మన మే నెల ఎండలో నీళ్ళు మానేస్తే వడదెబ్బ అదనం. గుండె, కిడ్నీ జబ్బు వల్ల డాక్టరు కొలత చెప్పినవాళ్ళు ఆ కొలతే పాటించాలి. మిగతావాళ్ళు మూత్రం లేత పసుపులో ఉండేట్టు, కొంచెం కొంచెంగా తాగండి. తగ్గించాల్సింది టీ, కాఫీ.

ఒంటికి వెళ్ళాలనిపించగానే, దగ్గు లేకపోయినా జారిపోతోంది. ఇదీ అదేనా?

ఇది వేరు. దగ్గితే జారడం కండరం బలహీనత. ఆత్రంగా వచ్చి బాత్రూమ్‌కి చేరేలోపే జారడం మూత్రసంచి అదుపు తప్పడం. చాలామందికి రెండూ కలిసి ఉంటాయి. ఇన్‌ఫెక్షన్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. డపాగ్లిఫ్లోజిన్ లాంటి కొత్త షుగర్ మందులు చక్కెరని మూత్రంలోంచి పంపిస్తాయి కాబట్టి మూత్రం ఎక్కువవుతుంది, ఆ సంగతి కూడా డాక్టరుతో మాట్లాడండి.

కాళ్ళవాపుకి నీరు పోయే మాత్ర ఇచ్చారు. రాత్రంతా లేవాల్సి వస్తోంది.

ఆ మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారు? రాత్రి అయితే పొద్దున్నకో మధ్యాహ్నానికో మార్చవచ్చా అని అడగండి. మధ్యాహ్నం కాసేపు కాళ్ళు ఎత్తులో పెట్టుకుని పడుకుంటే కాళ్ళలో చేరిన నీరు పగలే బయటికి పోతుంది. చీకట్లో కంగారుగా లేచి పడిపోవడం పెద్ద ప్రమాదం, దారిలో చిన్న లైటు వెలిగించి ఉంచండి.

మా నాయనకి డెబ్బై ఏళ్ళు, చుట్ట తాగేవారు. ఆయనకీ దగ్గితే పంచె తడుస్తోంది. మగవాళ్ళకి కూడా వస్తుందా?

వస్తుంది. ఆయన విషయంలో ముందు ప్రోస్టేట్, అంటే మగవాళ్ళకి మూత్రసంచి కింద ఉండే గ్రంథి, చూడాలి. అది పెరిగి దారి మూసుకుపోతే మూత్రసంచి ఎప్పుడూ నిండే ఉంటుంది, దగ్గినప్పుడు పొంగి జారుతుంది. ధార సన్నగా, ఆగి ఆగి వస్తోందా, పోసాక కూడా మిగిలినట్టు ఉందా అని అడగండి. నేరుగా మీరు అడిగితే ఆయన చెప్పకపోవచ్చు, తోడల్లుడో స్నేహితుడో అడిగితే చెప్తారు. జలుబు, దగ్గు సిరప్పుల్లో ఉండే మగత తెప్పించే మందులు, కొన్ని ఆయాసం ఇన్‌హేలర్లు ఇలాంటివాళ్ళకి మూత్రం బిగుసుకుపోయేలా చేస్తాయి. మెడికల్ షాపులో అడిగి సిరప్ తెచ్చి పోయకండి. ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత జారుతుంటే పైన చెప్పిన వ్యాయామమే మగవాళ్ళకి కూడా.

గర్భసంచి తీయించేసుకుంటే పోతుందని చెప్తున్నారు.

ఈ ఒక్క కారణంతో తీయించుకోకండి. మూత్రం జారడానికి గర్భసంచి కారణం కాదు, తీసేస్తే ఆగదు, కొందరికి తర్వాత ఎక్కువైన సందర్భాలూ ఉన్నాయి. మన జిల్లాల్లో నలభై కూడా నిండకుండానే ఎంతమందికి ఈ ఆపరేషన్ జరిగిపోయిందో మీ వీధిలో అడిగితే మీకే తెలుస్తుంది. గర్భసంచి బయటికి జారి ఉంటే అది వేరే సంగతి, దానికి కూడా లోపల పెట్టుకునే సిలికాన్ రింగ్ లాంటి మార్గాలున్నాయి. నెలసరి ఆగినవాళ్ళకి లోపల రాసే హార్మోన్ క్రీమ్ కొందరికి పనిచేస్తుంది.

మూత్రనాళం కింద పట్టీ వేసే ఆపరేషన్ ఉంది. వ్యాయామంతో తగ్గనివాళ్ళకి మంచిదే, దాని ఇబ్బందులు దానికీ ఉన్నాయి. కానీ దగ్గు అదుపులోకి రాకుండా చేయించుకుంటే ఆ దగ్గే మళ్ళీ పాడుచేయవచ్చు. ఆపరేషన్ మాట ఎత్తిన డాక్టరుకి మీ దగ్గు సంగతి తెలుసో లేదో చూసుకోండి.

ప్యాడ్లు వాడొచ్చా? పాత చీర గుడ్డ చాలదా?

నెలసరి ప్యాడ్లు మూత్రాన్ని అంత వేగంగా పీల్చుకోవు, తడి ఒంటికి తగులుతూనే ఉంటుంది. మూత్రం కోసమే చేసిన ప్యాడ్లు వేరే ఉంటాయి. అవి కొనలేకపోతే మెత్తటి నూలు గుడ్డ మడతలు పెట్టుకోండి, తడవగానే మార్చండి. ఉతికాక ఎవరికీ కనపడకుండా తలుపు వెనక ఆరేస్తే సగం తడిగానే ఉంటుంది. దాంతో దురద, పుండ్లు. ఎండలో, కావాలంటే పైన ఒక పల్చటి తువ్వాలు కప్పి ఆరేయండి. కడుక్కోవడానికి మామూలు నీళ్ళు చాలు, డెటాల్ వద్దు. కడిగి అద్ది, పల్చగా వాజెలిన్ రాస్తే చర్మం చెడదు.

పెంచలకోన గుడికి పోవాలి, నెల్లూరు రొట్టెల పండక్కి పోవాలి. మైల అనిపించి ఆగిపోతున్నాను.

జబ్బుతో జారిన చుక్కని దేవుడు లెక్కపెడతాడని నేను అనుకోను. మడి సంగతి మీ ఇంటి పద్ధతి. ప్రయాణం సంగతి చెప్తాను: బస్సెక్కే ముందు ఒకసారి వెళ్ళిరండి, ఒక గంట ముందు నుంచి టీ మానండి, నీళ్ళు మానకండి. సంచిలో ఒక లంగా, రెండు ప్యాడ్లు, ఒక ప్లాస్టిక్ కవరు. ముదురు రంగు చీర. ఇన్‌హేలర్ సంచి అడుగున కాకుండా చేతికందేచోట. బస్సు ఆగినచోటల్లా వెళ్ళి రావడం అలవాటు చేసుకుంటే మూత్రసంచి కొంచానికే తొందరపెట్టడం నేర్చుకుంటుంది, అందుకని రెండు మూడు గంటలకోసారి చాలు. రొట్టెల పండగ జరిగే స్వర్ణాల చెరువులో దిగితే ఎలాగూ అందరి బట్టలూ తడుస్తాయి, అక్కడ మీకు టెన్షనే అక్కర్లేదు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

మూత్రంలో గానీ గల్లలో గానీ రక్తం, చలిజ్వరంతో మూత్రంలో మంట, బరువు తగ్గిపోవడం: వెంటనే చూపించాలి. మూత్రం అసలు రాక పొట్ట ఉబ్బినా, తొడల మధ్య తిమ్మిరెక్కి కాళ్ళు బలం తప్పినా, పెదవులు నీలంగా మారి మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయండి.

డాక్టరుకి చెప్పాలంటే సిగ్గు. మగ డాక్టరయితే మరీనూ.

కాగితం మీద రాసి ఇవ్వండి. "దగ్గితే మూత్రం జారుతోంది. ఎన్నాళ్ళుగా, రోజుకి ఎన్నిసార్లు, ఎన్ని బట్టలు మారుస్తున్నాను" అని మూడు లైన్లు చాలు. రాయడం రాకపోతే మనవరాలితోనో, ఆశా కార్యకర్తతోనో రాయించుకోండి. వెళ్ళేముందు మూడు రోజుల పాటు ఎప్పుడు తాగారు, ఎప్పుడు వెళ్ళారు, ఎప్పుడు జారింది అని గీతలు పెట్టుకున్నా డాక్టరుకి చాలా పనికొస్తుంది. వాడే మందులన్నీ, ఇన్‌హేలర్‌తో సహా, ఒక కవర్లో వేసుకెళ్ళండి. నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రుల్లో ఊపిరితిత్తుల విభాగం, స్త్రీల విభాగం రెండూ ఉంటాయి. ఒకచోట చూపించాక ఆ చీటీ రెండోచోట కూడా చూపించండి. మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష, అవసరమైతే పొట్ట స్కానింగ్ చేస్తారు. నిండు మూత్రసంచితో ఒకసారి దగ్గమంటారు. అక్కడ జారితే కంగారు పడకండి, వాళ్ళు చూడాలనుకున్నది అదే.